ఇత్తడి పెట్టె

ప్రవేశిక

చరిత్ర అనగానే శిలాశాసనాలు, తాళపత్రాలు, కోటగోడలు, నాణేలు మన కన్నుల ముందు కదలాడుతాయి. ఇవి ప్రధానంగా రాజులు, పండితులు, దాతలు వదలిపోయిన ఆనవాళ్ళు. సామాన్యుడు వదలిపోయిన వస్తువులు వేరు. అవి ఇంటి అటకమీద, సందుగ అడుగున, పాత బట్టల మడతల్లో ఉంటాయి. శాసనానికి రక్షణ చట్టం ఉన్నది, వాటికి ఇల్లాలి దయే రక్షణ. ప్రపంచయుద్ధకాలంలో సైనికులకు కానుకగా పంచిన ఒక చిన్న ఇత్తడి పెట్టెను గురించి, అటువంటి పెట్టెల సేకరణను గురించి, ఆ సేకరణలో మన ప్రాంతపు మనుషుల స్థానాన్ని గురించి తెలిపేది ఈ పాఠ్యభాగం.

పాఠ్యభాగం

పెట్టెకు మన భాషలో ఎన్ని పేర్లున్నవో గమనించండి. పేటిక, కరండం, సంపుటం, భరిణె, మందసం. ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క పని. కుంకుమ ఉంచుకొనేది భరిణె. పసికందైన కర్ణుని కుంతి నదిలో విడిచినది మందసంలో. అరబ్బీ, ఉర్దూ భాషల సాంగత్యం వలన మన తెలంగాణ పలుకుబడిలో సందుగ, డబ్బా, డబ్బీ చేరి, పుట్టింటి మాటలంత చనువుగా కలిసిపోయాయి. మన కావ్యాలలో పెట్టె ఎప్పుడూ ఒట్టి పెట్టె కాదు. లోపల ఒక రహస్యమో, ఒక గుర్తో, ఒక మనిషి జాతకమో ఉంటుంది. అశోకవనంలో సీతకు హనుమంతుడు అందించిన ఉంగరం విలువ బంగారంలో లేదు, ఎవరు పంపారన్న దానిలో ఉన్నది. మనం చెప్పుకోబోయే పెట్టె కూడ అటువంటి ఆనవాలే. అయితే దానిని పంపినవారెవరో లోకానికంతటికీ తెలుసు, అందుకొన్నవారెవరో తెలియదు. సమస్య అంతా అక్కడ ఉన్నది.

1914 జూలై చివరలో ఐరోపాలో మహాయుద్ధం మొదలైంది. ఆ సెప్టెంబరు 22వ తేదీ రాత్రి జర్మనీ యుద్ధనౌక ఎండెన్ మద్రాసు రేవుపై గుండ్లు కురిపించి చమురు తొట్లను తగులబెట్టింది. భయపడిన జనం ఊరు విడిచి పోయారు. దూరదేశపు యుద్ధం తెలుగువారి చెవులకు అంత దగ్గరగా వినిపించింది. ఆ తరువాతి నెలలోనే బ్రిటిష్ చక్రవర్తి అయిదవ జార్జి కుమార్తె, పదిహేడేళ్ళ రాజకుమారి మేరీ, ఒక ప్రకటన చేసింది. క్రిస్మస్ పండుగనాటికి యుద్ధరంగంలో ఉన్న ప్రతి సైనికునికి, సముద్రంమీద ఉన్న ప్రతి నావికునికి దేశప్రజలందరి తరఫున ఒక కానుక పంపాలని, అందుకు ప్రజలు విరాళాలివ్వాలని ఆమె కోరింది. ప్రజలు ఉదారంగా స్పందించారు. పోగైన మొత్తం 1,62,591 పౌనులు.

ఆ కానుకకు పాత్రగా నిర్ణయించినది ఇత్తడి పెట్టె. పొడవు 5 అంగుళాలు, వెడల్పు మూడుంబావు, లోతు అంగుళంబావు. చొక్కా జేబులో ఇమిడే వస్తువు. మూతమీద నడుమ ఒక మాలికలో రాజకుమారి ముఖం పక్కవాటుగా కనిపిస్తుంది. ఇరువైపులా ఆమె పేరులోని ఆంగ్ల మొదటి అక్షరం. అంచులవెంట మిత్రరాజ్యాలైన ఫ్రాన్సు, రష్యా, బెల్జియం, జపాన్, సెర్బియా, మాంటినీగ్రోల పేర్లు. అడుగుభాగంలో క్రిస్మస్ 1914 అన్న అక్షరాలు, వాటికి అటూ ఇటూ యుద్ధనౌకల ముక్కులు. పైన లాటిన్ భాషలో బ్రిటిష్ సామ్రాజ్యం అన్న మాట. ఇంత బొమ్మను అంత చిన్న రేకుమీద ఉబ్బెత్తుగా అచ్చొత్తారు. రూపకల్పన చేసినవారు యాడ్‌షెడ్, రామ్సే అనే వాస్తుశిల్పులు. భవనాలు కట్టేవారు డబ్బీకి బొమ్మ గీశారన్నమాట. మూతను చూస్తే అది దేవాలయ ద్వారబంధంవలె సమతూకంగా కనిపించడానికి కారణం అదేనేమో!

లోపల ఏముండేవి? పొగతాగే సైనికునికి ఒక ఔన్సు పొగాకు, ఇరవై సిగరెట్లు, ఒక పైపు, నిప్పు రాజేసే సాధనం, శుభాకాంక్షల పత్రం, రాజకుమారి ఛాయాచిత్రం. పొగతాగనివానికి పులుపు బిళ్ళల పొట్లం, పెన్సిలు, ఉత్తరాలు రాసుకొనే కాగితాలు గల ఖాకీరంగు సంచి. దాదులకు చాకొలెట్టు. ఇంతవరకు చదివినవారికి ఇదొక పండుగ పంపకంవలె తోస్తుంది. భారతీయ దళాల దగ్గరికి వచ్చేసరికి పంపకం వర్గాలుగా చీలింది. గూర్ఖాలకు బ్రిటిష్ సైనికులకు ఇచ్చిన కానుకే. సిక్కులకు పొగాకు నిషిద్ధం గనుక పటికబెల్లం, సుగంధద్రవ్యాలున్న చిన్న రేకుడబ్బా, శుభాకాంక్షల పత్రం. తక్కిన భారతీయ సైనికులకు సిగరెట్లు, పటికబెల్లం, సుగంధద్రవ్యాల డబ్బా, పత్రం. చిట్టచివరి వర్గానికి పెట్టిన పేరు భిస్తీలు.

ఈ మాట దగ్గర కొంచెం ఆగాలి. భిస్తీ అంటే తోలుతిత్తితో నీళ్ళు మోసేవాడు. పారసీకంలో స్వర్గానికి బెహిష్త్ అని పేరు. ఎండలో దప్పిగొన్నవానికి నీళ్ళిచ్చేవాడు స్వర్గవాసితో సమానమన్న భావనతో ఆ పేరు వచ్చిందంటారు. సైన్యం లెక్కలలో మాత్రం ఆ ఒక్క మాట కింద అధికారికంగా దళంవెంట నడిచే పరిచారకులందరినీ చేర్చారు. స్వర్గం పేరు మోసినవానికి కానుకల పట్టికలో అన్నింటికంటె అడుగు వరుస దక్కింది. అతనికి నిర్ణయించినవి ఒక సుగంధద్రవ్యాల రేకుడబ్బా, ఒక పత్రం, అంతే. సిగరెట్లు లేవు, పటికబెల్లం కూడ లేదు.

పోపుడబ్బా లేని వంటిల్లు మన ఇళ్ళలో ఉండదు. ఫ్రాన్సు దేశపు బురద కందకంలో, మంచు కురిసే రాత్రి, చేతిలో పడిన సుగంధద్రవ్యాల డబ్బా మూత తీసినప్పుడు ఆ మనిషికి ఏమి గుర్తుకు వచ్చి ఉంటుందో ఊహించడానికి పెద్ద కల్పనాశక్తి అవసరం లేదు. పంపినవారు ఆ మేరకు ఆలోచించారనే ఒప్పుకోవాలి. సిక్కుకు పొగాకు పంపకపోవడం మర్యాద. మసాలా దినుసులు పంపడం మనసెరిగిన పని. అదే పట్టిక మనిషికీ మనిషికీ మధ్య మెట్లు కట్టిందన్నదీ నిజమే. ఒక కానుకలో ప్రేమా తారతమ్యమూ రెండూ ఒకేచోట ఉండవచ్చునని ఆ పెట్టె మనకు చూపుతున్నది.

ఇక మన ప్రాంతానికి వద్దాం. 1914లో నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు నిజాం రాజ్యంలోనివి. ఆ రాజ్యపు సైనిక చరిత్ర కొంచెం చిక్కుముడి. నిజాం ఖర్చుతో, ఆంగ్లేయ అధికారుల ఆధిపత్యంలో హైదరాబాదు కంటింజెంటు అనే సైన్యం ఉండేది. దాని పోషణ కోసమే 1853లో బీరారు ప్రాంతం ఆంగ్లేయుల పాలనలోకి పోయింది. 1903లో ఆ కంటింజెంటును బ్రిటిష్ భారత సైన్యంలో కలిపివేశారు. అందులోని అశ్వికదళాల నుండి ఏర్పడినవే 20వ దక్కన్ హార్స్, 29వ లాన్సర్స్. ఇవిగాక నిజాం సొంత సైన్యం నుండి సామ్రాజ్య సేవకు కేటాయించిన హైదరాబాదు లాన్సర్లు వేరుగా ఉండేవారు. మహాయుద్ధం రాగానే ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ధనసహాయం చేయడమే కాక, తాను గౌరవ కర్నలుగా ఉన్న దక్కన్ హార్స్ ఖర్చును, తన లాన్సర్ల ఖర్చును భరించాడు. అందుకు బదులుగా 1918లో బ్రిటిష్ ప్రభుత్వానికి విశ్వాసపాత్రుడైన మిత్రుడు అన్న బిరుదు ఆయనకు లభించింది.

దక్కన్ హార్స్, పూనా హార్స్, 7వ డ్రాగూన్ గార్డ్స్ దళాలు కలిసిన సైనిక విభాగం పేరు సికిందరాబాదు అశ్విక బ్రిగేడు. మన సికిందరాబాదు పేరే. 1914 అక్టోబరులో అది ఫ్రాన్సులోని మార్సేల్స్ రేవులో దిగింది. డిసెంబరు మూడవ వారంలో గుర్రాలు దిగి కాలిబంట్లవలె ఫెస్టూబర్, జివాన్షీ గ్రామాల కందకాలలో పోరాడింది. సరిగ్గా ఆ రోజులలోనే కానుకల మూటలు యుద్ధరంగానికి చేరుతున్నాయి. క్రిస్మస్ నాటికి నాలుగు లక్షలకు పైగా పెట్టెలు పంచారు. దక్కను పీఠభూమి పేరు మోసిన దళం ఆ మొదటి వరుసలోనే ఉన్నది. ఆ దళమే 1916 జూలై 14న సోమ్ నదీప్రాంతంలో హైవుడ్ అనే వనం దగ్గర బల్లాలు పట్టుకొని గుర్రాలమీద శత్రువుపైకి దూకింది. మరతుపాకుల కాలంలో బల్లెపు పోరాటం! చదివినప్పుడు ఒళ్ళు గగుర్పొడిచినా, అది ఎంత నిస్సహాయమైన శౌర్యమో తలచుకొంటే గుండె బరువెక్కుతుంది.

హైదరాబాదు లాన్సర్లు మాత్రం మైసూరు, పటియాలా సంస్థానాల అశ్వికులతోపాటు ఈజిప్టుకు వెళ్ళి సూయజు కాలువకు కాపలా కాశారు. తరువాత పాలస్తీనాలో యుద్ధం చేశారు. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణాన్ని పట్టుకొన్న బ్రిగేడు వారిదే. ఆనాటి దాడి నడిపినవి జోధ్‌పూరు, మైసూరు దళాలు. ఢిల్లీలో తీన్‌మూర్తి కూడలిలో 1922లో నిలిపిన మూడు కంచు విగ్రహాలలో ఒకటి హైదరాబాదుకు, ఒకటి జోధ్‌పూరుకు, ఒకటి మైసూరుకు ప్రతీక. ఢిల్లీ యాత్రకు వెళ్ళిన మన విద్యార్థులు ఆ విగ్రహాల ముందు ఛాయాచిత్రాలు దిగుతారు. అందులో ఒకటి మనదని ఎందరికి తెలుసునో!

దక్కన్ హార్స్ సవారులలో ఎక్కువమంది దక్కను ముస్లింలు, సిక్కులు, జాట్లు. మరి తెలుగువారు? పంతొమ్మిదవ శతాబ్దం చివరి దశకాలలో ఆంగ్లేయ సేనానులు కొన్ని కులాలనే, కొన్ని ప్రాంతాల వారినే యోధజాతులుగా లెక్కించసాగారు. మద్రాసు సైన్యంలో పనిచేసి, తరువాత భారత సైన్యానికంతటికీ అధిపతియైన లార్డ్ రాబర్ట్స్ ఈ సిద్ధాంతానికి గట్టి సమర్థకుడు. దక్షిణాదివారు యుద్ధానికి పనికిరారని తీర్పు చెప్పి తెలుగువారి దళాలను తగ్గించారు. మద్రాసు సాపర్లు అనబడే ఇంజనీరు దళంలో తెలుగువారు కొనసాగారు. తక్కినచోట్ల తెలుగువాని చేతికి తుపాకి దొరకడం కష్టమైనది. కాని గుర్రానికి దాణా వేయడానికి, నీళ్ళు మోయడానికి, బట్టలుతకడానికి, వంట చేయడానికి ఏ యోధజాతి పరీక్షా లేదు. సికిందరాబాదు, బొల్లారం, తిరుమలగిరి దండుప్రదేశాలలో సాయిసులుగా, భిస్తీలుగా, చాకళ్ళుగా బతికిన కుటుంబాలలో తెలుగు పల్లెలనుండి పోయినవారూ ఉన్నారనుకోవడానికి ఆస్కారమున్నది. అంటే మనవారిని వెతకవలసినది పతకాల పట్టికలో కాదు, సుగంధద్రవ్యాల డబ్బా అందుకొన్న అడుగు వరుసలో.

తీరాంధ్రంలో ఈ స్మృతి మరొక విధంగా నిలిచింది. పశ్చిమగోదావరి జిల్లా తాడేపల్లిగూడెం సమీపంలోని మాధవరం గ్రామాన్ని మిలిటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచయుద్ధానికి ఆ ఊరినుండి 90 మంది, రెండవ దానికి 1,110 మంది వెళ్ళారని గ్రామస్థులు గర్వంగా చెప్పుకొంటారు. అక్కడ తాతల పతకాలు మనుమల ఇళ్ళలో భద్రంగా ఉన్నాయి. ఒక ఊరు తన్ను తాను జ్ఞాపకం ఉంచుకోవాలని నిశ్చయించుకొంటే వస్తువులు నిలుస్తాయి. ఆ నిశ్చయం లేనిచోట ఏమవుతుందో చెప్పడానికి నా బాల్యంలోని ఒక సంగతి చెప్పక తప్పదు.

దేవరకొండ ప్రాంతంలోని మా ఊళ్ళో, మా పక్కింట ఒక వృద్ధుడుండేవాడు. ఆయన తండ్రి సికిందరాబాదు దండులో గుర్రాల సాయిసుగా పనిచేసినవాడట. ఆ తాత దగ్గర సున్నం ఉంచుకొనే ఇత్తడి డబ్బీ ఒకటి ఉండేది. దానిని ప్రతి దసరాకు ఆ ఇంటి కోడలు చింతపండుతో, బూడిదతో తళతళలాడేటట్లు తోమేది. మూతమీద ఒక ముఖం నీడవలె కనిపించేది. ముక్కుందో లేదో తెలిసేది కాదు. నేను చేతిలోకి తీసుకోబోతే, "పైలం బిడ్డా, మా నాయినకు దొరసాని ఇచ్చింది" అనేవాడు తాత. ఏ దొరసాని అని అడిగే తెలివి నాకు లేదు. మా ఊళ్ళో దొరసాని అంటే గడీలోని దొరసానే అనుకొన్నాను. తాత పోయిన తరువాత ఆ డబ్బీ మిగిలిన పాత ఇత్తడి సామానుతోపాటు తూకానికి పోయి, ఆ ఇంటికి ఒక కొత్త బిందె వచ్చింది.

చాలా సంవత్సరాల తరువాత ఒక గ్రంథాలయంలో యుద్ధచరిత్ర గ్రంథం తిరగవేస్తుండగా రాజకుమారి మేరీ పెట్టె ఛాయాచిత్రం చూశాను. ఆ మూత, ఆ మాలిక, ఆ పక్కవాటు ముఖం! చేతులు ఒక్కక్షణం వణికిన మాట నిజం. తాత చెప్పిన దొరసాని ఈ రాజకుమారేనా? అయి ఉండవచ్చు. కాకపోవనూ వచ్చు. ఆ కాలంలో బొమ్మలున్న ఇత్తడి డబ్బీలు ఇంకా ఎన్నో ఉండేవి. ఒకవేళ అదే అయితే, పట్టికల ప్రకారం రేకుడబ్బా మాత్రమే దక్కవలసిన పరిచారకుని చేతికి ఇత్తడి పెట్టె ఎలా వచ్చింది? ఎవరైనా సవారు తన సాయిసుకు ప్రేమతో ఇచ్చాడా? యజమాని మరణిస్తే గుర్రంతోపాటు ఇదీ అతనికి మిగిలిందా? ఇటువంటి ప్రశ్నలకు సమాధానం చెప్పగలిగిన వస్తువు కరిగి బిందెలో కలిసిపోయింది. సేకరణ అనే పనికి అర్థం నాకు ఆనాడు తెలిసింది.

ఇటువంటి కానుకలకు రాజకుమారి మేరీ ఆద్యురాలు కాదు. దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధం జరుగుతుండగా 1900 నూతన సంవత్సరానికి విక్టోరియా రాణి తన సైనికులకు చాకొలెట్టు నింపిన రేకుపెట్టెలు పంపింది. తయారుచేసిన క్యాడ్‌బరీ, ఫ్రై, రౌంట్రీ సంస్థల యజమానులు క్వేకర్లనే శాంతివాద క్రైస్తవ శాఖకు చెందినవారు. యుద్ధంమీద లాభం తీసుకోవడానికి వారు ఇష్టపడలేదు. చాలామంది సైనికులు ఆ చాకొలెట్టును తినకుండా పెట్టెతోసహా ఇంటికి పంపారు. అదే యుద్ధంలో గాంధీజీ కూర్చిన భారతీయ అంబులెన్సు దళంలో సుమారు 1,100 మంది గాయపడినవారిని డోలీలలో మోశారు. వారిలో అధికసంఖ్యాకులు నేటాలులోని ఒప్పందకూలీలు. మన కోస్తా జిల్లాలనుండి పోయిన తెలుగువారు నేటాలు కూలీలలో గణనీయంగా ఉండేవారు. డోలీ మోసినవాని చరిత్ర ఎక్కడ చూసినా ఒకటే!

మేరీ పెట్టె కథ క్రిస్మస్‌తో ముగియలేదు. కానుకకు అర్హుల సంఖ్యను పెంచుతూ పోయారు. గాయపడి ఆసుపత్రులలో ఉన్నవారు, మరణించినవారి భార్యలు, తల్లిదండ్రులు కూడ అర్హులైనారు. శత్రువులకు చిక్కిన ఖైదీల పెట్టెలను వారు తిరిగివచ్చేదాకా దాచి ఉంచారు. యుద్ధరంగానికి దూరంగా, ఇతర దేశాలలో ఉన్న దళాలకు కొత్త సంవత్సరంలో పంచిన పెట్టెలలో వస్తువులు తగ్గాయి. వారికి పెట్టె, పత్రం, ఒక పెన్సిలు వంటివే అందాయి. ఈజిప్టులోని హైదరాబాదు లాన్సర్లు ఈ కోవకు చెందుతారు. ఆ పెన్సిలు కూడ చిత్రమైనది. తూటా ఆకారంలోని గొట్టంలో దానిని అమర్చారు. మృత్యువును మోసే ఆకారంలో అక్షరం! ఇంతలో ఇత్తడికి కరువొచ్చింది. గుండ్లకూ తూటాలకూ కావలసినదీ ఇత్తడే కదా. అమెరికానుండి తెప్పిస్తున్న 45 టన్నుల ఇత్తడి రేకు 1915 మే 7న లూసిటేనియా నౌకతోపాటు ఐర్లండు సమీపంలో సముద్రం పాలైంది. తరువాతి పెట్టెలలో కొన్నింటిని నాసిరకం లోహంతో చేసి పైన పూత పూశారు. పంపిణీ ఇలా సాగి, మొత్తం పెట్టెల సంఖ్య 26 లక్షలు దాటింది. మిగిలిన ధనం సైనికుల భార్యల కోసం 1919లో నెలకొల్పిన క్వీన్ మేరీ ప్రసూతి ఆసుపత్రికి చేరింది.

26 లక్షల పెట్టెలలో ఎన్నో నేటికీ లోకంలో తిరుగుతున్నాయి. లండనులోని ఇంపీరియల్ వార్ మ్యూజియం వంటి సంస్థలు వాటిని భద్రపరచాయి. వేలకొద్ది వ్యక్తులు సేకరిస్తున్నారు. సంఖ్య ఎక్కువ కావడంచేత ఖాళీ పెట్టె అపురూపమైన వస్తువు కాదు. లోపలి సిగరెట్లు, పత్రం, ఛాయాచిత్రం చెదరకుండా ఉన్న పెట్టె అపురూపం. అధికారులకు వెండిపెట్టెలు ఇచ్చారని ఒక వదంతి ఉన్నది. అది నిజం కాదు, పూత పూసిన పెట్టెలను చూసి పుట్టిన భ్రమ కావచ్చు. అచ్చు కొత్తగా చేసిన నకళ్ళు కూడ బజారులో ఉన్నాయి గనుక కొనేవాడు కళ్ళు తెరచుకొని ఉండాలి. హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో గురువారంనాడు పాత సామాను తిరగవేసేవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

అసలు సేకర్తకు కావలసిన గుణం ధనం కాదు, నిగ్రహం. మొదటి నిగ్రహం తోమకుండా ఉండడం. చింతపండులోని ఆమ్లం ఇత్తడిమీది నలుపును తీసివేస్తుంది. బూడిదలోని గరుకుదనం లోహాన్ని కూడ సన్నగా గీరుతుంది. ఒక్కసారి తోమితే ఏమీ కాదు. యాభై దసరాలు తోమితే రాజకుమారి ముక్కు మాయమవుతుంది. మెరుపు మన కంటికి ఇంపు కావచ్చు, చరిత్రకు ఆ నలుపే సాక్ష్యం. పెంబర్తి లోహశిల్పులను అడిగితే ఉబ్బెత్తు పనిలో గీత ఎంత సన్ననిదో, ఎంత తొందరగా అరిగిపోతుందో చెబుతారు. రెండవ నిగ్రహం పెట్టెను దాని కథనుండి వేరుచేయకుండా ఉండడం. ఎవరి ఇంటిలో దొరికింది, ఎవరు వాడారు, ఏమని పిలిచారు, దానిలో ఏమి ఉంచుకొన్నారు అన్న నాలుగు మాటలు కాగితంమీద రాసి పెట్టెతోపాటు ఉంచకపోతే, ఎంత విలువైన వస్తువైనా అనాథ అవుతుంది. తాతయ్య సున్నపుడబ్బీగా వాడడం కూడ ఆ వస్తువు చరిత్రలో భాగమే. సున్నపు మరకను కడిగివేయడం ఒక పుట చించివేయడం వంటిది.

చట్టం సంగతి కూడ తెలిసి ఉండాలి. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం చారిత్రక ప్రాధాన్యం గల వస్తువు నూరేళ్ళ వయసుదైతే పురావస్తువు కావచ్చు. పురావస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. 1914 నాటి పెట్టెలకు 2014లోనే నూరేళ్ళు నిండాయి. విదేశీ సేకర్తకు అమ్మి పంపుదామనుకొనేవారు ఈ మాట మరువరాదు.

మన జిల్లాలలో నల్లగొండ దగ్గరి పానగల్లు, మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి ప్రదర్శనశాలలు ఉన్నాయి. వాటిలో శిల్పాలు, శాసనాలు ప్రధానం. కాకతీయుల కాలపు భగ్నవిగ్రహానికి దొరికిన చోటు, నూరేళ్ళనాటి సాయిసు డబ్బీకి దొరకాలంటే దానిని అక్కడికి తీసుకొనివచ్చేవారుండాలి. పంజాబులో ఇటువంటి పని ఎంత దూరం పోగలదో రుజువైంది. లాహోరు మ్యూజియంలో పడి ఉన్న మొదటి ప్రపంచయుద్ధపు దస్త్రాలను పరిశోధకులు వెలికితీసి, సుమారు 3,20,000 మంది పంజాబీ సైనికుల వివరాలను 2021నుండి ప్రజల ముందుంచసాగారు. ఊరి పేరు వెతికితే ముత్తాత పేరు కనిపిస్తుంది. మనకు దారులు లేకపోలేదు. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాలేఖనాగారంలో నిజాం కాలపు ఉర్దూ, పారసీ దస్త్రాలున్నాయి. మరణించినవారి పేర్లను కామన్వెల్త్ యుద్ధసమాధుల సంఘం ఎవరైనా వెతకగలిగేటట్లు అందుబాటులో ఉంచింది. ఫ్రాన్సులో నవ్‌షపెల్ దగ్గర 1927లో ఆవిష్కరించిన స్మారకంమీద సమాధి కూడ దొరకని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు చెక్కారు. ఆ యుద్ధానికి పది లక్షలకు పైగా భారతీయులు సముద్రాలు దాటి వెళ్ళగా సుమారు 74,000 మంది తిరిగి రాలేదు. ఆ అంకెలో ఒక్క అంకె మన ఊరిది కావచ్చు.

2020 జూన్ 15న గల్వాన్ లోయలో అమరుడైన కర్నల్ సంతోష్‌బాబు ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని సూర్యాపేటవాడు. ఆయన విగ్రహం సూర్యాపేటలో వెలసింది, మహావీరచక్ర పురస్కారం లభించింది. దేశం ఆయన పేరు ఎరుగును. నూరేళ్ళ కిందట అదే నేలనుండి పోయినవాడు ఎవరి దేశంకోసం, ఎవరి యుద్ధంలో పోయాడో అతనికే స్పష్టంగా తెలియదు. జీతంకోసం పోయాడు, కరువునుండి తప్పుకొని పోయాడు, గుర్రంమీది ప్రేమతో పోయాడు. పాలమూరు కూలీలు ఆనకట్టలు కట్టడానికి దేశం నాలుగు మూలలకు పోయినట్లు పోయాడు. సామ్రాజ్యం అతనికి ఒక డబ్బా ఇచ్చింది. దానిని అతను కళ్ళకద్దుకొన్నాడో, నవ్వుకొన్నాడో, అందులోని లవంగాలు నోట వేసుకొని తిరిగి గుర్రం దగ్గరికి వెళ్ళాడో, ఇంటికి పంపాడో మనకు తెలియదు.

దసరా సెలవులలో ఇంటికి వెళ్ళినప్పుడు అటక ఎక్కండి. పాత సందుగ అడుగున బొమ్మ అరిగిపోయిన డబ్బీ ఏదైనా కనిపిస్తే, తోమడానికి ముందు ఇంటి పెద్దలను అది ఎక్కడిదని అడగండి.

అభ్యాసం

1. కానుకల పట్టికలో భారతీయ దళాలను ఏయే వర్గాలుగా విభజించారు? ఆ విభజనలోని మర్యాదను, తారతమ్యాన్ని గురించి మీ అభిప్రాయం రాయండి.

2. 'డోలీ మోసినవాని చరిత్ర ఎక్కడ చూసినా ఒకటే' – ఈ వాక్యాన్ని ఏ సందర్భంలో రచయిత రాశారు?

3. పాతవస్తువును తోమి మెరిపించడం వలన కలిగే నష్టమేమి?

4. పేటిక, భరిణె, మందసం, సందుగ, డబ్బీ – ఈ పదాలను సొంత వాక్యాలలో ప్రయోగించండి.

5. మీ ఇంటిలోగాని, మీ ఊరిలోగాని ఉన్న ఒక పాతవస్తువును పరిశీలించి, దానిని వాడినవారెవరు, ఎందుకు వాడారు, దానిని ఏమని పిలిచేవారు అన్న వివరాలతో ఒక పుట రాయండి.